ఆవిరి అనుకున్నది ద్రవమై పారింది

న్యూయార్క్ నగరానికి తూర్పున, సముద్రంలోకి చాచిన చెయ్యిలా లాంగ్ ఐలాండ్ అనే దీవి ఉంది. అక్కడి బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో 3.8 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఒక సొరంగం కట్టారు. అందులో పక్కపక్కనే రెండు గొట్టాలుంటాయి. ఎలక్ట్రాన్లన్నీ ఒలిచేసిన బంగారు అయాన్లు ఒక గొట్టంలో సవ్యంగా, రెండోదానిలో అపసవ్యంగా తిరుగుతూ ఆరుచోట్ల ఎదురుపడేవి. ఆ యంత్రం పూర్తి పేరు రిలేటివిస్టిక్ హెవీ అయాన్ కొలైడర్. దానితో పనిచేసేవాళ్లందరికీ అది ‘రిక్’.

ఒక విడతలో ఆ గొట్టాల్లో తిరిగే బంగారం బరువెంతో లెక్కవేసి చూశాను. అయాన్లు గుంపులు గుంపులుగా వెళ్లేవి. గుంపుకి వందకోట్ల పైచిలుకు, గొట్టానికి వందకు పైగా గుంపులు. రెండు గొట్టాల్లోదీ కలిపినా గ్రాములో వందకోట్లో వంతుకు చాలదు. చిన్న ముక్కుపుడక చేయించాలన్నా దానికి వందకోట్ల రెట్లకు పైనే కావాలి. ఆ కాస్త బంగారాన్ని ఢీకొట్టించి, విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకండ్లలో అంతటా నిండి ఉన్న పదార్థాన్ని 2000 సంవత్సరం నుంచి అక్కడ మళ్లీ పుట్టిస్తూ వచ్చారు. అది ఎలా ఉంటుందని ఊహించారో, అసలు ఎలా ఉందో తెలిసిన కథ ఈ అధ్యాయం.

ముందు ఊహ సంగతి. ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల క్వార్కులుంటాయని, వాటిని గ్లూయాన్లు పట్టి ఉంచుతాయని కిందటి అధ్యాయంలో చూశాం. ఒంటరి క్వార్కును ఇంతవరకు ఎవరూ బయటికి లాగలేకపోయారు. దూరం లాగేకొద్దీ పట్టు సడలదు. 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్‌చెక్, డేవిడ్ పొలిట్జర్ ఆ పట్టుకి రెండోవైపు చూపించారు. క్వార్కులు దగ్గరయ్యేకొద్దీ, వాటి శక్తి పెరిగేకొద్దీ బంధం బలహీనపడుతుంది. 2004లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది దీనికే. రెండేళ్లు తిరిగేలోగా, అంటే 1975కల్లా, కొందరు సిద్ధాంతవేత్తలు సహజంగా పుట్టాల్సిన తరువాతి ప్రశ్న వేశారు: కేంద్రక పదార్థాన్ని విపరీతంగా వేడిచేసినా, విపరీతంగా కుదించినా ఏమవుతుంది? ప్రోటాన్ల గోడలు కరిగిపోయి, క్వార్కులు, గ్లూయాన్లు కలిసి తిరగాలి. ఆ స్థితికి ఎడ్వర్డ్ షుర్యాక్ పెట్టిన పేరు క్వార్క్-గ్లూయాన్ ప్లాస్మా.

ఇంతకు పదేళ్ల ముందే, 1965లో, రోల్ఫ్ హాగెడోర్న్ ఒక వింత గమనించాడు. కేంద్రక కణాలకు శక్తి ఇస్తూపోతే ఒక దశ దాటాక ఉష్ణోగ్రత పెరగదు. ఇచ్చిన శక్తంతా కొత్త కొత్త కణాలను పుట్టించడానికే ఖర్చయిపోతుంది. అందుకని ప్రకృతిలో అంతకు మించిన ఉష్ణోగ్రత ఉండదని అనుకున్నారు. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నప్పుడు మంట ఎంత పెంచినా నీటి వేడి నూరు డిగ్రీలు దాటదు. అంతమాత్రాన నూరు డిగ్రీలే లోకానికి హద్దు కాదు గదా. హాగెడోర్న్ చూసింది హద్దు కాదు, గడప. గడపకు అవతల క్వార్కులున్నాయి.

అవతల ఉండేది వాయువేనని ఎక్కువమంది అంచనా. వేడెక్కేకొద్దీ బంధం సడలుతుందన్నప్పుడు క్వార్కులు ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోకుండా, గదిలో గాలి అణువుల్లా, ఎవరి దారిన వాళ్లు పోవాలి. కాగితం మీద లెక్క ఆ మాటే చెప్పింది.

ఇప్పుడు ఒక్క ఢీని దగ్గర నుంచి చూద్దాం.

బంగారు కేంద్రకంలో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు. నిలిచి ఉన్నప్పుడు అది ఇంచుమించు గుండ్రటి ముద్ద. కాంతి వేగంలో 99.995 శాతం వేగం అందుకున్నప్పుడు, ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం, ప్రయోగశాలలో నిలబడి చూసేవాళ్లకు దాని మందం నూరో వంతుకు తగ్గిపోతుంది. పిండి ఉండ అప్పడమైనట్టు. రెండు అప్పడాలు ఎదురెదురుగా వచ్చి ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. వాటి వెనక మిగిలిన చోట శక్తి కుప్పపడుతుంది, అందులోంచి ప్లాస్మా పుడుతుంది. సెకండులో కోటి కోట్ల కోట్లో వంతు తీసుకుని, దాన్ని మళ్లీ నూరు భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాలు. దాని ఆయుష్షు అంతే. ఈలోపే అది ఉబ్బి, చల్లారి, వేల కణాలుగా గడ్డకట్టి నలుదిక్కులకూ ఎగిరిపోతుంది.

దాన్ని ఎవరూ చూడలేరు. చూడగలిగింది ఎగిరివచ్చిన కణాలను మాత్రమే. రిక్ మీద మొదట నాలుగు ప్రయోగాలు నడిచాయి: స్టార్, ఫీనిక్స్, ఫోబోస్, బ్రామ్స్. స్టార్ నడిబొడ్డులో 4 మీటర్ల వ్యాసం, 4.2 మీటర్ల పొడవు ఉన్న పెద్ద పీపా ఒకటి ఉంటుంది. దాని నిండా ఆర్గాన్ వాయువు, అందులో పదో వంతు మీథేన్. చుట్టూ అయస్కాంతం. విద్యుదావేశమున్న కణం వాయువులోంచి పోతూ దారిపొడవునా ఎలక్ట్రాన్లను రాలుస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు నెమ్మదిగా పీపా చివరలకు కొట్టుకుపోతాయి. ఎక్కడ తాకాయి, ఎంతసేపటికి తాకాయి అన్న రెండు విషయాలను బట్టి కణం నడిచిన గీతను తిరిగి గీస్తారు. అయస్కాంతం వల్ల గీత ఎంత వంగిందో చూస్తే కణం ఎంత జోరు మీద వచ్చిందో తెలుస్తుంది. ఎదురెదురుగా గట్టిగా తగిలిన ఒక్క ఢీలో ఇలాంటి గీతలు వేలల్లో ఉంటాయి. పీపాలో ఎలక్ట్రాన్లు చివరికి చేరడానికి పదుల మైక్రోసెకండ్లు పడుతుంది. ఆపాటికి ప్లాస్మా పుట్టి పోయి యుగాలైనట్టు లెక్క. పెళ్లి అయిపోయాక పందిట్లో చెల్లాచెదురైన అక్షింతలను చూసి, తలంబ్రాలు ఏ వైపు నుంచి ఎంత జోరుగా పోశారో చెప్పడం లాంటి పని ఇది. అక్షింతలు సరిగ్గా లెక్కపెడితే చెప్పవచ్చు. చెప్పారు కూడా.

ఎక్కువ సంగతులు బయటపెట్టినవి నడిమధ్యన తగిలిన ఢీలు కావు, కాస్త పక్కకు తప్పిన ఢీలు. నన్నడిగితే ఈ శాస్త్రం మొత్తంలో ఇంతకంటే అందమైన సంగతి లేదు.

రెండు అప్పడాలు కొంచెం పక్కకు జరిగి తగిలాయనుకోండి. రెండూ ఒకదానిమీదొకటి పడిన చోటు గుండ్రంగా ఉండదు, బాదంపప్పు ఆకారంలో ఉంటుంది. ఒకవైపు పొడుగు, ఒకవైపు సన్నం. లోపల పుట్టింది వాయువైతే కణాలు ఒకదానికొకటి తగలకుండా ఎటు పుడితే అటే పోతాయి, బాదం ఆకారం వాటికి తెలియనే తెలియదు. అన్ని దిక్కులకూ సమానంగా వస్తాయి. లోపల పుట్టింది ద్రవమైతే కథ మారుతుంది. నడుమ పీడనం ఎక్కువ, అంచున సున్నా. సన్నంగా ఉన్న వైపు ఆ తేడా అంతా కొద్ది దూరంలోనే దిగాలి. అంటే అటు వాలు ఎక్కువ. చెరువు గట్టుకు ఎటు వాలు ఎక్కువైతే నీళ్లు అటు జోరుగా దూకినట్టు, పదార్థం సన్నటి వైపుకే ఎక్కువ ఊపుతో ఎగదన్నుతుంది. కాబట్టి ఏ దిక్కుకు ఎన్ని కణాలు వచ్చాయో లెక్కపెడితే చాలు, లోపలిది వాయువో ద్రవమో తేలిపోతుంది. జాన్-ఈవ్ ఒలిత్రో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1992లోనే ఈ కొలత సూచించాడు.

2000 జూన్‌లో రిక్‌లో తొలి ఢీలు జరిగాయి. స్టార్ బృందం తొలి ఫలితాల్లోనే ఈ దిక్కుల తేడాను ప్రచురించింది. తేడా చిన్నదేమీ కాదు. బొత్తిగా స్నిగ్ధత, అంటే పారకుండా అడ్డుపడే జిడ్డుతనం, లేని ద్రవం పారితే ఎంత రావాలని లెక్కలు చెప్పాయో దాదాపు అంత వచ్చింది. క్వార్కులు ఎవరి దారిన వాళ్లు పోవడం లేదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని పారుతున్నాయి.

అయిదేళ్లపాటు కొలిచి, సరిచూసి, మళ్లీ కొలిచి, 2005 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని టాంపాలో జరిగిన అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశంలో నాలుగు బృందాలూ కలిసి మాట బయటపెట్టాయి. దొరికింది వాయువు కాదు, ఇంచుమించు ‘పరిపూర్ణ ద్రవం’.

ఈ ‘పరిపూర్ణ’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పత్రికల్లో దీన్ని ‘నీటికన్నా పల్చటి ద్రవం’ అని రాశారు. అది సరికాదు. మామూలు ప్రమాణాల్లో కొలిస్తే ఈ ప్లాస్మా స్నిగ్ధత నీటి స్నిగ్ధతకు లక్ష కోట్ల రెట్ల పైనే ఉంటుంది. దీని ముందు ఆముదం గాలితో సమానం. అయితే స్నిగ్ధత ఒక్కటే చూస్తే ప్రవాహం తీరు తెలియదు. ఎంత కిక్కిరిసిన పదార్థం పారుతోందో కూడా చూడాలి. ఒక చిటికెడు చోటులో ఎన్ని విధాల కదలికలు పట్టి ఉన్నాయో చెప్పే కొలత ఎంట్రపీ. స్నిగ్ధతను ఎంట్రపీ సాంద్రతతో భాగిస్తే వచ్చే అంకె అసలు సంగతి చెబుతుంది. ఆ అంకె ఈ ప్లాస్మాకి నీటికంటే చాలా తక్కువ, ద్రవ హీలియం కంటే కూడా తక్కువ.

ఇక్కడ అనుకోని చోట నుంచి ఒక మాట వచ్చింది. నల్లబిలాలు, అదనపు కొలతలు, తీగ సిద్ధాంతం వంటి లెక్కలు చేసుకునే పావెల్ కోవ్‌తున్, డామ్ తన్ సన్, ఆంద్రే స్టారినెట్స్ 2005లో ఒక ప్రతిపాదన చేశారు. ఏ ద్రవానికైనా ఈ అంకె ఒక కనిష్ఠ హద్దుకు దిగువకు పోదని, ఆ హద్దు ఒకటిని నాలుగు ‘పై’ల(4π)తో భాగిస్తే వచ్చేంతని వాళ్ల ఊహ. క్వాంటం ప్రమాణాల్లో అది 0.08. తరువాతి కొలతల్లో ప్లాస్మా అంకె ఆ హద్దుకు ఒకటి నుంచి మూడు రెట్ల మధ్యన తేలింది. నల్లబిలాల గణితానికీ బంగారు కేంద్రకాల ఢీకీ చుట్టరికం ఉంటుందని అంతకుముందు ఎవరైనా అంటే నమ్మేవాళ్లు కారు. ఆ హద్దు అన్ని పదార్థాలకూ నిజంగా వర్తిస్తుందా అన్నది వేరే చర్చ, తీగ సిద్ధాంతంలోనే దానికి మినహాయింపులు దొరికాయి. అయినా అంకె దగ్గర పడడం మాత్రం కంటికి కనిపించే నిజం.

ఇంకో చుట్టరికం మరీ విచిత్రమైనది. 2002లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో లిథియం పరమాణువులను పరమశూన్యానికి డిగ్రీలో లక్షల వంతుల దూరం దాకా చల్లార్చి, లేజరు కాంతి ఉచ్చులో పొడవాటి చుట్టలా పట్టి, ఉచ్చు తీసేశారు. ఆ మబ్బు సన్నటి వైపుకే ఉబ్బింది. అచ్చంగా బాదంపప్పు చేసిన పనే. మనిషి చేసిన అతి వేడి పదార్థం, అతి చల్లటి పదార్థాల్లో ఒకటి, రెండూ ఒకే తీరున పారుతున్నాయి.

కొలత ఇంత కచ్చితంగా రావడానికి ఒక పొరపాటు దిద్దుకోవడం కూడా కారణం. చాలాకాలం అందరూ కేంద్రకాన్ని నున్నటి ముద్దగా లెక్కవేశారు. నున్నటి బాదం రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి, దిక్కుల లెక్కలో ముక్కోణపు తేడా ఏదైనా కనబడితే అది కొలతలోని రొదేనని పక్కన పెట్టారు. 2010లో బురాక్ ఆల్వెర్, గుంటర్ రోలండ్ అది రొద కాదన్నారు. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఆ క్షణంలో ఎక్కడుంటే అక్కడే తగులుతాయి. ఒక్కో ఢీలో ఆకారం ఒక్కో రకంగా గతుకులు పడి ఉంటుంది, కొన్ని ముక్కోణంగా కూడా ఉంటాయి. స్నిగ్ధత ఎక్కువైతే ఆ గతుకులు పారేలోపే చెరిగిపోవాలి. చెరగకుండా డిటెక్టర్ దాకా వచ్చాయంటే స్నిగ్ధత ఎంత తక్కువో చెప్పవచ్చు. పక్కన పారేసిన రొదే అన్నిటికంటే మంచి కొలబద్ద అయింది.

పారే తీరు ఒక సాక్ష్యం. రెండో సాక్ష్యం, ఆ ద్రవం దేన్నీ సులువుగా బయటికి పోనివ్వదు.

ఢీ మొదలైన క్షణంలోనే అరుదుగా రెండు క్వార్కులు గట్టిగా తగిలి ఎదురెదురు దిక్కులకు విసురుగా పోతాయి. ఒక్కోటి కణాల జల్లుగా విరిగి బయటపడుతుంది. దాన్ని జెట్ అంటారు. ప్లాస్మా పుడితే ఆ క్వార్కు దాని గుండా ఈదుకుంటూ పోవాలి గనక శక్తి పోగొట్టుకుంటుందని 1982లో జేమ్స్ బ్యోర్కెన్ రాశాడు. రిక్‌లో చూస్తే, నడిమధ్యన తగిలిన బంగారు ఢీల్లో, ప్రోటాన్ల ఢీలను బట్టి రావలసిన జోరు కణాల్లో అయిదింట నాలుగు వంతులు మాయం. అయితే ఇది ప్లాస్మా పనేనా, లేక పెద్ద కేంద్రకంలో మొదటినుంచీ ఏదైనా తేడా ఉందా? ఈ అనుమానం తీర్చుకోవడానికి 2003లో బంగారంతో బంగారానికి బదులు, ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ మాత్రమే ఉన్న డ్యూటెరాన్‌ను బంగారంతో ఢీకొట్టించారు. కేంద్రకం అదే, ప్లాస్మా ముద్ద మాత్రం లేదు. జోరు కణాలు తగ్గలేదు. మరో పరీక్ష ఫోటాన్లది, అంటే వెలుతురు కణాలది. వెలుతురుకు క్వార్కుల బలమైన పట్టుతో పనిలేదు. బంగారు ఢీల్లో నేరుగా పుట్టిన జోరు ఫోటాన్లు రావలసినన్నీ వచ్చాయి. క్వార్కులను ఆపేసి, వెలుతురును వదిలేసే పదార్థం అక్కడ ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? అనుమానాన్ని మాటలతో కాక మరో ప్రయోగంతో తీర్చుకున్న ఈ తీరు పదో తరగతి పుస్తకాల్లో ఉండాల్సినది.

ఉష్ణోగ్రత ఎలా కొలిచారు? కమ్మరి కొలిమిలో ఇనుము ఎరుపు నుంచి పసుపుకీ, తెలుపుకీ తిరిగితే ఎంత కాగిందో కంటితోనే చెబుతాడు. ఇక్కడా అంతే. ప్లాస్మా కూడా మెరుస్తుంది, ఆ మెరుపు గామా కిరణాల్లో ఉంటుంది. ఇతర కణాలు విరిగి ఇచ్చే ఫోటాన్లు వాటికి అనేక రెట్లుంటాయి కాబట్టి వేరుచేయడం కష్టం. ఫీనిక్స్ బృందం ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటల దారిలో వెళ్లి వాటిని వేరుచేసింది. 2010లో బ్రూక్‌హేవెన్ ప్రకటించిన అంకె 4 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిబొడ్డు వేడి ఒకటిన్నర కోటి డిగ్రీలు. అంటే ఇది దానికి రెండున్నర లక్షల రెట్లు. అదే ఏడాది నవంబరులో జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల లార్జ్ హాడ్రాన్ కొలైడర్ సీసపు కేంద్రకాలను ఢీకొట్టించడం మొదలుపెట్టి వేడిని ఇంకా పైకి తీసుకెళ్లింది. అక్కడా అది ద్రవమే.

ప్లాస్మా చల్లారి మామూలు కణాలుగా మారే చోటు 1.8 లక్షల కోట్ల డిగ్రీల దగ్గర ఉందని కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి. ఎగిరివచ్చిన కణాల్లో ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినా ఇంచుమించు అదే అంకె వస్తుంది. హాగెడోర్న్ గడప అక్కడే ఉంది. కాకపోతే నీరు మరిగినట్టు బుడగలతో, ఒక్కసారిగా జరిగే మార్పు కాదిది. ఎండకు వెన్న మెత్తబడ్డట్టు మెల్లగా ఒకదానిలోంచి ఒకటి అవుతుంది. విశ్వం కూడా తన తొలి పది మైక్రోసెకండ్ల ప్రాంతంలో ఇలాగే నిమ్మళంగా ఈ గడప దాటిందని దీన్నిబట్టి తెలుస్తోంది.

క్వార్కులు మరింత కిక్కిరిసి ఉన్నచోట ఈ మార్పు కూడా బుడగలతో జరుగుతుందా, జరిగితే ఆ మెత్తటి మార్పుకీ ఈ మరుగుడుకీ మధ్యన సంధిబిందువు ఎక్కడ? నీటికి అలాంటి బిందువు 374 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ తేట నీరు పాలలా తెల్లబడుతుంది. కేంద్రక పదార్థంలో ఆ తెల్లబడడానికి సాటివచ్చేది ప్రోటాన్ల సంఖ్యలో ఢీకీ ఢీకీ వచ్చే హెచ్చుతగ్గులు. 2010 నుంచి 2021 వరకు రెండు విడతలుగా రిక్ శక్తిని తగ్గించుకుంటూ వచ్చి దానికోసమే వెతికారు. ఇంకా తేలలేదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కడుతున్న ఫెయిర్ యంత్రం ఈ వెతుకులాటనే కొనసాగిస్తుంది. దాని భాగస్వామ్య దేశాల్లో మనదీ ఒకటి.

మన దేశం ఈ కథలో ఆలస్యంగా వచ్చిన చుట్టం కాదు. కోల్‌కతాలో బికాశ్ సిన్హా కూడగట్టిన బృందం, భువనేశ్వర్, చండీగఢ్, జైపూర్, జమ్ము వాళ్లతో కలిసి ఫోటాన్లను లెక్కపెట్టే డిటెక్టర్లను కట్టింది. అవి ముందు జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలలో, తరువాత స్టార్‌లో, ఆపైన లార్జ్ హాడ్రాన్ కొలైడర్ మీది ఆలిస్ ప్రయోగంలో పనిచేశాయి. 2011లో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన సౌరేందు గుప్తా, అప్పట్లో కోల్‌కతాలో పనిచేస్తున్న బేదంగదాస్ మొహంతి, మరో ముగ్గురితో కలిసి, సిద్ధాంతపు లెక్కను స్టార్ కొలతల పక్కనే పెట్టి ఆ గడప ఉష్ణోగ్రతను నేరుగా రాబట్టారు. స్టార్ బృందంలో సభ్యసంస్థలుగా ఉన్నవాటిలో మన తిరుపతి ఐసర్ కూడా ఉంది.

మిగిలిన చిక్కుముడి ఒకటుంది, అది నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేస్తుంది. వట్టి ప్రోటాన్లు ఢీకొన్నా, కణాలు ఎక్కువగా పుట్టిన ఢీల్లో ఇలాంటి ప్రవాహపు జాడలే కనబడుతున్నాయని 2010 నుంచి తెలుసు. ద్రవం అనిపించుకోవడానికి కనీసం ఎంత పదార్థం కావాలి? గుక్కెడా, చుక్కా, చుక్కలో వెయ్యో వంతా? దానికి జవాబు వెతకడానికే 2025 జులైలో జెనీవాలో సీసానికీ ప్రోటాన్‌కీ నడుమ సైజులో ఉన్న ఆక్సిజన్, నియాన్ కేంద్రకాలను ఢీకొట్టించారు.

డిగ్రీ, ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలకు ఒక మాట. సెర్న్ తన ఓపెన్ డేటా వెబ్‌సైటులో సీసపు ఢీల కొలతలను ఎవరైనా ఉచితంగా తీసుకునేలా పెట్టింది. మామూలు కంప్యూటరు, కాస్త ప్రోగ్రామింగ్, కొన్ని వారాల ఓపిక ఉంటే చాలు. కణాలు ఏ దిక్కుకు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి గీత గీయండి. ఆ బాదంపప్పు ఆకారం మీ తెర మీదే కనబడుతుంది.